ఒక్క కొమ్ము తేడా

తప్పు కనబడితే నా చెయ్యి ఊరుకోదు. తెనాలిలో మా వీధి చివర సోడా బండి మీద 'శీతల పాణీయాలు' అని రాసి ఉంటే, ఆ బండి యజమానితో అరగంట వాదించి ణ చెరిపించి న రాయించిన మనిషిని. ఎవరైనా శుభలేఖ తెచ్చిస్తే ముందు ముహూర్తం చూడను, అచ్చుతప్పులు చూస్తాను. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు" అని నాన్న విసుక్కునేవాడు.

ఆ బుద్ధికి తగ్గ ఉద్యోగమే దొరికింది నాకు. కాలవ పక్కన ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేదాన్ని. 1990 నాటికి అక్కడ ఇంకా సీసపు అక్షరాలే. ఒక్కో అక్షరం ఏరి పేర్చి, సిరా పూసి, పొడుగాటి కాగితం మీద అచ్చు తీసి నా బల్ల మీద పడేసేవారు. ఎర్ర పెన్ను తీసుకుని నేను విజృంభించేదాన్ని. నా అసలు పేరు బాలాత్రిపురసుందరి. అది పేర్చాలంటే కంపోజిటర్లు దండం పెట్టేవారు కాబట్టి ప్రెస్సులో అందరికీ ఉత్త సుందరిని.

ఆ ప్రెస్సు నుంచి పదిహేను రోజులకొకసారి కథల పత్రిక ఒకటి వచ్చేది. అందులో మా నాన్న సీరియల్ నడిచేది. నాన్న పేరు జగన్నాథం. రేపల్లెలో తెలుగు పంతులుగా పనిచేసి రిటైరై తెనాలి వచ్చేశాడు. రాజకుమారులు, మాట్లాడే చిలకలు, రెక్కల గుర్రాలు, ఇదీ ఆయన సరుకు. ఆ ఏడు సంక్రాంతి వెళ్ళాక అమ్మ పోయింది. ఐదు నెలలు నాన్న కలం ముట్టలేదు. జూన్‌లో ఒక రోజు పొద్దున్నే లేచి కూర్చుని, కాఫీ అడక్కుండా పన్నెండు పేజీలు రాశాడు.

ఈసారి రాజకుమారుడు లేడు, గుర్రమూ లేదు. సప్తసైకతమని ఒక రాజ్యం. ఏడు ఇసకతిన్నెల మధ్య నుంచి ఒక నది వచ్చి సముద్రంలో కలుస్తుంది. కలిసే చోటుని మా వైపు మొగ అంటారు. ఆ మొగలో ఒక రేవు. సముద్రం మీద దారి తప్పిన పడవలు, ఏ దేశానివైనా సరే, ఏ కాలానివైనా సరే, చివరికి ఆ రేవుకే వచ్చి ఆగుతాయి. అక్కడికి చేరినవాళ్ళకి ఏ లోటూ ఉండదు. వలలు బాగుచేసుకుంటారు, వంటలు చేసుకుంటారు, చిన్న చిన్న వాటికి పోట్లాడుకుంటారు. మన కంటికి కనపడరు, అంతే.

సీరియల్ పట్టుకుంది. వారం వారం ఉత్తరాలు. "మీ నాన్న ఇన్నాళ్ళూ గుర్రాల మీద ఎందుకు తిరిగాడమ్మా, హాయిగా పడవెక్కక!" అని ప్రెస్సు యజమాని శ్రీనివాసరావు గారు నవ్వాడు. నాన్న మళ్ళీ మనిషి అవుతున్నాడని నాకు సంతోషంగా ఉండేది.

అక్టోబరు ఆఖరులో ఒక ఆదివారం పదకొండింటికి రిబ్కా వచ్చింది.

ముప్ఫై లోపు మనిషి. ముతక చీర, చేతిలో ప్లాస్టిక్ సంచి. అరుగు కింద నిలబడి, "జగన్నాథం పంతులుగారిల్లు ఇదేనాండి?" అని అడిగింది. లోపలికి రమ్మంటే రాలేదు. రెండోసారి పిలిస్తే అరుగు అంచున సగం కూర్చుంది. గ్లాసుతో మంచినీళ్ళిస్తే పెదవికి తగలకుండా ఎత్తి పోసుకుంది. అలా తాగక్కర్లేదని చెప్పాలనుకున్నాను, ఎలా చెప్పాలో తెలియక ఊరుకున్నాను. అందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

నాన్న బయటికి వచ్చి పడక్కుర్చీలో కూర్చున్నాడు.

"ఎవరి తాలూకు అమ్మా?"

"మాది గొల్లమొగండి. రేపల్లె అవతల."

"ఎరుగుదును. పిల్లల్ని తీసుకుని ఓసారి వచ్చాను. రేవులో ఒంటి తాడిచెట్టు ఉండాలి."

"ఉండేదండి. మే నెల తుపానులో పోయింది." ఆమె సంచి ఒళ్ళోకి లాక్కుంది. "మా ఆయన కూడా అప్పుడే పోయాడండి. లూకా అంటారు. రేవు పడవ ఆయనదే. లంకలో జనాన్ని ఇవతలికి తెస్తానని రెండుసార్లు వెళ్ళొచ్చాడు. మూడోసారి వెళ్ళి రాలేదు. మనిషీ దొరకలా, పడవా దొరకలా."

నాన్న తల ఊపాడు. ఆమె సంచి విప్పి పత్రికలు బయటికి తీసింది. ఏడు సంచికలు. మూలలు నలిగిపోయి ఉన్నాయి.

"నేను ఏడో తరగతి దాకా మిషన్ బళ్ళో చదివానండి. తుపాను తర్వాత మమ్మల్ని ఉంచిన బళ్ళో ఎవరో పాత పుస్తకాలు పంచితే మీ కథ దొరికింది. ఆ తర్వాతవి రేపల్లెలో కొని తెచ్చి మా అత్త కొండమ్మకి చదివి వినిపించా. కొంచెం మనసు మళ్ళుద్దని. అదే నేను చేసిన పొరపాటండి."

"ఏమైంది?"

"మా అత్త రేవు వదిలి కదలట్లేదండి. అందరికీ కట్ట లోపల కాలనీలో ఇళ్ళిచ్చారు. మొత్తం ఊరు వెళ్ళిపోయింది. ఇసకలో మా గుడిసె ఒక్కటే. మావోడు ఈ రేవులోనే ఉన్నాడే, మనకి కనపడట్లా అంతే, వాడినొదిలేసి నేనెక్కడికి రాను, అంటది. కార్తీకంలో మళ్ళీ గాలివాన వస్తే ఏం గాను? చెప్పి చెప్పి నా నోరు పోయిందండి. అది కథ అత్తా అంటే, అచ్చులో అబద్ధం ఎందుకేస్తారే అంటది."

నాన్న నొచ్చుకున్నాడు. "రేవులన్నీ ఒక్కలాగే ఉంటాయమ్మా. మీ రేవని ఎందుకనుకుంది? ఏదో పోలిక కనిపించి ఉంటుంది."

"పోలికేంటండి, పేరుతో సహా మాదేగా!"

ఆమె ఒక సంచిక తెరిచి వేలు పెట్టి చూపించింది. కళ్ళజోడు లోపల ఉండటంతో నాన్న పుస్తకం నాకందించాడు. "చదువమ్మా."

నేను చదివాను. "ఏడో తిన్నె దాటాక గొల్లమొగ రేవు కనిపించింది."

నాన్న నా వైపు చూశాడు.

"ఇంకోసారి చదువు."

చదివాను. గొల్లమొగ. ఆయన కనుబొమలు ఒక్కసారి పైకి లేచి దిగాయి. పుస్తకం నా చేతిలోంచి తీసుకుని, మూసి, ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నన్నేం చెయ్యమంటావమ్మా?" అన్నాడు రిబ్కాతో.

"మీరు రాస్తే నమ్ముద్దండి. ఆ రేవులో వాళ్ళంతా దేవుడి దగ్గరికెళ్ళిపోయారని రాయండి. రేవు ఖాళీ అయిపోయిందని రాయండి. ఒక్క ముక్క చాలు. నేను చదివి వినిపిస్తా. అప్పుడన్నా లేస్తది."

అడిగింది న్యాయమైన మాట. ఒక ముసలిదాని ప్రాణం కోసం అడిగింది. నాన్న వెంటనే సరేనంటాడనే అనుకున్నాను.

"ఖాళీ చెయ్యలేనమ్మా," అన్నాడు నాన్న.

రిబ్కా ఆయన్ని అలాగే చూసింది. పత్రికలు సంచిలో సర్దుకుంది. "అయితే వస్తానండి," అని లేచింది. ఆమె కళ్ళలో నీళ్ళు లేవు, కోపం ఉంది. వీధి మలుపు తిరిగేదాకా వెనక్కి చూడలేదు.

నాకు ఒళ్ళు మండింది. "ఏం పోయేది నాన్నా? నాలుగు వాక్యాలు! రేపేదైనా జరిగితే ఆ పాపం మనది కాదా?"

ఆయన లోపలికి వెళ్ళి, ఇనప తీగకి గుచ్చిన తన చేతిరాత కాగితాలు తెచ్చి నా ముందు పెట్టాడు. అచ్చయ్యాక వాటిని ప్రెస్సు నుంచి నేనే ఇంటికి తెచ్చేదాన్ని.

"మొదటి పేజీ చూడు."

గుల్లమొగ. గ పక్కన కొమ్ము స్పష్టంగా ఉంది. రెండో పేజీలోనూ గుల్లమొగే. ఎక్కడ చూసినా గుల్లమొగే.

అప్పుడు గుర్తొచ్చింది. మొదటి భాగం ప్రూఫు దిద్దుతూ, గుల్లమొగ అనే ఊరెక్కడుంది, నాన్న తొందరలో ఒత్వం రాయబోయి కొమ్ము రాశాడు అనుకున్నాను. రేపల్లెలో పెరిగినదాన్ని కదా, ఆ తీరంలో ప్రతి ఊరూ నాకు తెలుసని గీర. గు కొట్టేసి గొ వేయించాను. రెండో భాగంలోనూ, మూడో భాగంలోనూ అలాగే. మొత్తం ఏడు సంచికల్లో నలభై చోట్లకి పైగా. ప్రతిసారీ, నేను లేకపోతే నాన్న పరువు ఏమైపోయేదో అని లోలోపల మురిసిపోయాను. గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించడమంటే ఇదే.

"గుల్ల అంటే ఏమనుకున్నావు?" అని అడిగాడు నాన్న.

"తప్పనుకున్నాను."

"సముద్రపొడ్డున ఏరుకునే గుల్లలేనమ్మా. లోపలి పురుగు పోయినా పైది అలాగే ఉంటుంది, చెక్కు చెదరకుండా. అలాంటి ఊరని పెట్టాను." ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "నేను రాసినవన్నీ ఎక్కడో విన్నవో చదివినవో సుందరీ. ఆ ఒక్క ఊరే నాది."

"అచ్చయ్యాక ఒక్కసారన్నా చూసుకోలేదా నాన్నా?"

"నువ్వు దిద్దాక నేను చూసేదేముంటుంది?"

తప్పు నాదని తేలాక కూడా నేను వాదన మానలేదు. నా పుట్టుకే అంత. "సరే, పేరు నా తప్పు. రేవు ఖాళీ చెయ్యడానికి నీకేం అడ్డం?"

"అక్కడ మీ అమ్మ ఉందే."

నాకు అర్థం కాలేదు. ఆయన రెండో భాగం కాగితాలు తిరగేసి చూపించాడు. రేవు మెట్ల మీద ఒక ఆవిడ చెంబుతో నీళ్ళు పెట్టుకుని కూర్చుని ఉంటుంది. పడవ దిగిన ప్రతివాడినీ, "ముందు కాళ్ళు కడుక్కో నాయనా, అన్నం చల్లారిపోతోంది" అంటుంది. కాళ్ళు కడుక్కోకుండా గడప తొక్కితే రాజునైనా కసురుతుంది.

మా అమ్మే. మాటకి మాట మా అమ్మే. ఆ పేజీ నేను ప్రూఫులో మూడుసార్లు చదివాను. అమ్మ పోయి ఆరు నెలలు కూడా కాలేదు. చదివి, రెండు కామాలు దిద్దాను.

ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలిగించలేదు.

మర్నాడు ప్రెస్సుకి వెళ్ళి శ్రీనివాసరావు గారితో సవరణ వేయాలన్నాను. ఆయన బల్ల మీద చెయ్యేసి నవ్వాడు.

"కల్పిత కథకి సవరణేంటమ్మా! లేని ఊరి పేరు తప్పు పడిందని అచ్చేస్తే జనం నవ్వరూ? రేపు రెక్కల గుర్రానికి రెక్కలు రెండు కాదు నాలుగు అని ఇంకో సవరణ వేయమంటావు."

"ఉన్న ఊరి పేరు పడిందండి. అదే గొడవ."

రిబ్కా సంగతి చెప్పాను. ఆయన నవ్వు ఆపాడు. చెడ్డవాడు కాదు, వ్యాపారి. గడ్డం గోక్కుని, పదిహేనో తారీకు సంచికలో ఆఖరి పేజీ అడుగున వేద్దాం లెమ్మన్నాడు. నేను రాసిచ్చిన కాగితం తీసుకుని, చివరి వాక్యం కొట్టేశాడు. దాన్ని నేను మళ్ళీ రాశాను. ఆయన మళ్ళీ కొట్టేశాడు. మూడోసారి రాస్తే, "నీ ఖర్మ," అని కంపోజింగుకి పంపించాడు. అక్షరాలు పేర్చి తీసిన మొదటి ప్రూఫు ఇలా ఉంది:

'సవరణ. ఈ సీరియల్‌లో ఇంతవరకు గొల్లమొగ అని పడినచోటల్లా గుల్లమొగ అని చదువుకోగలరు. పొరపాటు రచయితది కాదు, ప్రూఫులు దిద్దినవారిది.'

నవంబరు మొదటి వారం. సంచిక రావడానికి ఇంకా పది రోజులుంది. పొద్దున విజయవాడ రేడియోలో ప్రాంతీయ వార్తలు వింటున్నాం. బంగాళాఖాతంలో వాయుగుండం బలపడిందనీ, నిజాంపట్నంలో ప్రమాద సూచిక ఎగరేశారనీ, లోతట్టు ప్రాంతాలవాళ్ళని తరలిస్తున్నారనీ చెప్పారు. నాన్న రేడియో కట్టేసి నా వైపు చూశాడు. అప్పటికే నేను చెప్పులేసుకుంటున్నాను.

"ఏం చెప్తావు వెళ్ళి?" అన్నాడు.

"తెలియదు."

"ఖాళీ అయిపోయిందని చెప్తావా?"

చెప్పినా చెప్పేదాన్నేమో, ఆ క్షణంలో నాకే తెలియదు. "తెలియదు నాన్నా," అన్నాను మళ్ళీ. సవరణ ప్రూఫు ముక్క మడిచి పర్సులో పెట్టుకుని రేపల్లె బస్సెక్కాను.

రేపల్లెలో దిగేసరికి సన్నగా వాన మొదలైంది. అక్కడి నుంచి ఇంకో బస్సు కరకట్ట దాకా వెళ్ళింది. కట్ట మీద రెవెన్యూ వాళ్ళ ట్రాక్టరు ఒకటి ఆగి ఉంది. తొట్టిలో మూటలు, మేకలు, ఇద్దరు ముగ్గురు ముసలివాళ్ళు. డ్రైవరు ఇంజను ఆపకుండా బీడీ కాలుస్తూ, "ఇంకో గంట చూస్తానండి, ఆపైన నా వల్ల కాదు," అన్నాడు. రిబ్కా కట్ట దిగువన నిలబడి ఉంది. నన్ను చూసి గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది.

"రాశారాండి?" అంది వెంటనే.

"లేదమ్మా."

"మరెందుకొచ్చారు?"

మీ అత్తని చూడాలని చెప్పి ఆమె వెంట ఇసకలో నడిచాను. ఊరు ఉన్నచోట గుంజలు మిగిలాయి. ఒక్క గుడిసె నిలబడి ఉంది. దాని ముందు, రేవు గట్టు మీద, తల మీద గోనెసంచి కప్పుకుని కొండమ్మ కూర్చుని ఉంది. చిన్న మనిషి. ఎదురుగా నది నీళ్ళు బురద రంగులో పోయి సముద్రంలో పడుతున్నాయి. నాన్న రాసినంత అందంగా ఏమీ లేదక్కడ.

"ఎవరే ఈ అమ్మాయి?"

"పంతులుగారి కూతురత్తా. తెనాలి నుంచొచ్చింది."

ముసలమ్మ మొహం విప్పారింది. "ఆయన రాలేదా తల్లీ? ఈ రేవు గురించి ఎంత బాగా చెప్పాడు! ఆయన ఒక్కడికే తెలిసింది, మావోడు ఇక్కడున్నాడని."

పక్కన కూలబడి, పర్సులోంచి ప్రూఫు ముక్క తీసి చదివాను. గాలికి కాగితం కొట్టుకుంటోంది. నేను చదివిందేమిటో ఆమెకి అర్థం కాలేదు. రిబ్కాకి అయింది. ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"మామ్మా, నాన్న రాసింది మీ ఊరు కాదు. ఆయన గుల్లమొగ అని రాశాడు. నేనది తప్పనుకుని, కొట్టేసి, గొల్లమొగ అని వేయించాను. ఆయనకి తెలియదు. ఎవరికీ తెలియదు. నేనే మార్చాను."

"నువ్వా?"

"నేనే."

"ఎందుకు?"

"తప్పనుకున్నాను."

"మీ నాయన్ని అడగొచ్చుగా?"

అంతే. ఇన్ని రోజుల్లో ఆ మాట నన్నెవరూ అడగలేదు, నేనూ అడుక్కోలేదు. "అడగలేదు మామ్మా," అన్నాను.

ఆమె నీళ్ళవైపు తిరిగింది. "మూణ్ణెల్ల నుంచి ఈడే కూర్చున్నా. ఎండలో కూర్చున్నా, వానలో కూర్చున్నా. కాలనీలో ఇల్లిస్తే వద్దన్నా. ఈ పిల్లని వాళ్ళ అమ్మగారింటికి కూడా పోనీలా, వాడొచ్చేసరికి పెళ్ళాం ఉండాలని." తిట్టలేదు. శాపం పెట్టలేదు. జరిగింది జరిగినట్టు చెప్పుకుంటూ పోయింది. ఒక చెంపదెబ్బ కొట్టి ఉంటే నేను హాయిగా ఏడ్చేదాన్ని.

వాన పెద్దదైంది. కట్ట మీద డ్రైవరు హారన్ కొట్టాడు. మాలో ఎవరూ కదల్లేదు.

"మరయితే ఆ గుల్లమొగ ఏడుంది?" అని అడిగింది కొండమ్మ.

రిబ్కా నా వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుస్తూనే ఉంది. ఖాళీ అయిపోయిందని చెప్పు, అక్కడెవరూ లేరని చెప్పు. చెప్తే అయిపోతుంది. కానీ ఒకసారి ఆ ఊరి మీద చెయ్యి వేసి ఇంత చేశాను. రెండోసారి వెయ్యడానికి నాకు ధైర్యం చాల్లేదు.

"ఎక్కడా లేదు మామ్మా. నాన్న మనసులో పుట్టిన ఊరది."

"ఎక్కడా లేదా?"

"లేదు."

గోనెసంచి అంచు నుంచి నీళ్ళు కారి ఆమె చేతుల మీద పడుతున్నాయి.

"ఈ రేవు నుంచి ఎంత దూరం అది?"

ఆమెకి అర్థం కాలేదనుకుని దిగులుపడ్డాను. "లేని ఊరికి దూరమేంటి మామ్మా? ఇంతని ఎలా చెప్తాం?"

"అదే నేననేది. ఈడ నుంచి ఎంతో, కాలనీ నుంచి కూడా అంతేగా."

మోకాలి మీద చెయ్యి వేసుకుని లేచింది. కాళ్ళు తిమ్మిరెక్కి తూలితే రిబ్కా వచ్చి పట్టుకుంది. గుడిసెలోకి వెళ్ళి ఒక మూట, పాత బైబిలు, లూకా చొక్కా ఒకటి తెచ్చుకుంది. తలుపు దగ్గరికి లాగింది, గడియ పెట్టలేదు. ముగ్గురం వానలో కట్టవైపు నడిచాం.

ఆ తర్వాతి సంగతులు ఇక్కడే చెప్పేస్తాను. ఆ వాయుగుండం మా వైపు రానే లేదు, ఎటో తిరిగిపోయింది. గుడిసె చెక్కు చెదరకుండా ఇంకో ఏడాది అలాగే ఉంది. కొండమ్మ మాత్రం తిరిగి వెళ్ళలేదు. మరుసటి వేసవిలో రిబ్కాని తనే పుట్టింటికి పంపించింది. సవరణ పదిహేనో తారీకు సంచికలో అచ్చయింది. దాన్ని చూశామని ఒక్క పాఠకుడు కూడా ఉత్తరం రాయలేదు. నాన్న సీరియల్ ఇంకో ఐదు భాగాలు రాసి, రేవు ఖాళీ చెయ్యకుండానే ముగించాడు. ఆ ఐదు భాగాలూ దిద్దేముందు నేను ఇంట్లో ఆయనకి పైకి చదివి వినిపించాను. అనుమానం వచ్చిన ప్రతిచోటా ఆగి అడిగాను. కొన్నిసార్లు ఆయన కళ్ళు తుడుచుకునేవాడు. అప్పుడు నేనూ చదవడం ఆపేసేదాన్ని. అమ్మ పోయినప్పటి నుంచి మేం దాచుకున్న ఏడుపు ఆ విధంగా ఏడ్చాం.

ఆ రోజు కట్ట మీద, కొండమ్మని తొట్టిలోకి ఎక్కించాక, ఆమె వంగి నా చెయ్యి పట్టుకుంది.

"తల్లీ, ఆ ఊళ్ళో చెంబుతో నీళ్ళిచ్చి అన్నం పెట్టే ఆవిడుందంటగా. ఆవిడన్నా నిజమేనా, అది కూడా నువ్వు దిద్దావా?"

"నేను దిద్దలేదు మామ్మా. ఆవిడ మా అమ్మ."

"ఉందా?"

"ఈ ఏడు మొదట్లో పోయింది."

ఆమె నా చెయ్యి వదల్లేదు. "పేరేంటి?"

"ఎందుకు మామ్మా?"

"రోజూ ప్రార్థనలో మావోడి పేరు చెప్పుకుంటా. వాడికి అన్నం పెట్టే మనిషి పేరు చెప్పకపోతే బాగుంటదా?"

అమ్మ పోయిన దగ్గర్నుంచి ఆ పేరు మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. నాన్న అనలేదు, నేనూ అనలేదు. చెప్పాను. ట్రాక్టరు కదిలింది. ఆ చప్పుడులో ఆమెకి వినపడలేదు.

"గట్టిగా చెప్పమ్మాయ్!"

పక్కనే పరిగెత్తుతూ, ఆ వానలో, "సీతామహాలక్ష్మి!" అని అరిచాను. "సీతామహాలక్ష్మి, మామ్మా!"